శిక్ష పడింది... న్యాయం జరిగిందా?

తప్పు చేసినవాడికి శిక్ష పడాల్సిందే. అందులో రెండోమాట లేదు. కానీ ఎంత శిక్ష? ఎవరి చేతుల మీదుగా? అన్నిటికన్నా ముఖ్యంగా... ఆ శిక్ష వల్ల నష్టపోయిన మనిషికి దక్కేదేమిటి?

హైదరాబాద్‌కు ఉత్తరాన ఉన్న మేడ్చల్‌-మల్కాజిగిరి జిల్లాలో ఓ చిత్రం ఉంది. శామీర్‌పేటలో 1998లో ఏర్పాటైన నల్సార్‌ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ రేపటి లాయర్లు, జడ్జీలు చదువుకుంటారు. కాస్త దూరంలో అంతాయిపల్లిలో 2022లో ప్రారంభమైన కలెక్టరేట్‌ ఉంది. సోమవారం ప్రజావాణికి చేతిలో కాగితాలతో జనం వచ్చేది అక్కడికే. మేడ్చల్‌లో కోర్టు ఉంది. చర్లపల్లిలో కేంద్ర కారాగారం ఉంది. న్యాయం నేర్పేచోటు, మొర పెట్టుకునేచోటు, తీర్పు చెప్పేచోటు, శిక్ష అనుభవించేచోటు... నాలుగూ ఒకే జిల్లాలో!

మరి ఈ నాలుగింటి మధ్యా తిరిగే బాధితుడి సంగతేమిటి? టీవీలో ఘోరం చూసిన ప్రతిసారీ ‘వాణ్ని నడిరోడ్డు మీద ఉరి తీయాలి’ అంటాం. ఆ కోపం అబద్ధం కాదు. అయితే రెండోరోజు మనం చానల్‌ మార్చేస్తాం. బాధితుల ఇంట్లో మాత్రం ఆ సంఘటన అలాగే ఉండిపోతుంది. అందుకే న్యాయమైన శిక్ష ఏదన్న ప్రశ్నను ఆ ఇంటి గుమ్మంలో నిలబడి అడగాలి. అప్పుడు వచ్చే జవాబులు వేరుగా ఉంటాయి.

జైలు ఒక్కటే చాలుతుందా?

మేడ్చల్‌, శామీర్‌పేట చుట్టుపక్కల పొలాలు ప్లాట్లుగా మారిన కథ అందరికీ తెలిసిందే. పిల్ల పెళ్లికని, చదువుకని దాచుకున్న డబ్బుతో మధ్యతరగతివాళ్లు నగరం అంచున వంద, రెండొందల గజాలు కొనుక్కుంటారు. అదే జాగా మరొకరికీ అమ్మేశారనో, కాగితాలే దొంగవనో తెలిస్తే? మోసం చేసి ఆస్తిని చేజిక్కించుకున్న నేరానికి పాత శిక్షాస్మృతిలోని ‘ఫోర్‌ట్వంటీ’ సెక్షన్‌ కింద ఏడేళ్ల వరకూ జైలు ఉండేది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ అంతే. అమ్మినవాడు ఏడేళ్లూ జైల్లోనే ఉన్నాడనుకుందాం. కొన్నవాడికి గజం భూమైనా వెనక్కి వస్తుందా? అదే అసలు బాధ.

ఈ బాధ మనవాళ్లకు కొత్తేమీ కాదు. 2001లో సికింద్రాబాద్‌ కేంద్రంగా నడిచిన కృషి బ్యాంకు కుప్పకూలినప్పుడు డిపాజిటర్లు అడిగింది ఒకటే... ‘మా డబ్బు మాకివ్వండి’. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో వచ్చిన డిపాజిటర్ల రక్షణ చట్టం ఉద్దేశమూ అదే. ఎగవేసిన ఫైనాన్స్‌ సంస్థల ఆస్తులు జప్తు చేసి, డిపాజిటర్లకు పంచే వీలు కల్పించిందది. అదే ఆలోచన ఇప్పుడు దేశమంతటికీ వచ్చింది. నేరం ద్వారా కూడబెట్టిన ఆస్తిని జప్తు చేసి, కోర్టు ఆదేశంతో జిల్లా మేజిస్ట్రేటు ద్వారా బాధితులకు పంచవచ్చని కొత్త నాగరిక్‌ సురక్షా సంహితలోని 107వ సెక్షన్‌ చెబుతోంది.

మోసగాడికి ఎలాంటి శిక్ష వేయాలన్న ప్రశ్న మీద దేశమంతా చదువుకున్న ఒక తీర్పు ఆంధ్రప్రదేశ్‌ నుంచి వెళ్లిన కేసులోనే వచ్చింది. ఉద్యోగాలిప్పిస్తానని నిరుద్యోగుల దగ్గర డబ్బు గుంజిన యువకుడి కేసది. మహమ్మద్‌ గియాసుద్దీన్‌ వర్సెస్‌ స్టేట్‌ ఆఫ్‌ ఆంధ్రప్రదేశ్‌ అనే ఆ కేసు 1977లో సుప్రీంకోర్టులో జస్టిస్‌ వి.ఆర్‌.కృష్ణయ్యర్‌ ముందుకొచ్చింది. ఆయన మూడేళ్ల శిక్షను పద్దెనిమిది నెలలకు తగ్గించారు. అక్కడితో ఆగలేదు. జైల్లో అతనికి బుర్రకు పనిపెట్టే పని ఇవ్వాలని, దానికి కూలి చెల్లించాలని ఆదేశించారు. నేరస్తుణ్ని మనిషిగా మార్చి పంపడమే జైలు పని అన్నది ఆ తీర్పు సారాంశం. మోసపోయిన నిరుద్యోగుల్లో ఎవరికైనా అది మెతక శిక్షగానే అనిపించవచ్చు. కానీ మూడేళ్లు ఊరికే కూర్చోబెట్టి, అదే మోసగాణ్ని అదే వీధిలోకి వదిలితే మోసపోయేది మరో నిరుద్యోగే కదా!

పారిపోతే పదేళ్లు!

నాగ్‌పూర్‌ వెళ్లే జాతీయ రహదారి మేడ్చల్‌ మీదుగా పోతుంది. కరీంనగర్‌ వెళ్లే రాజీవ్‌ రహదారి శామీర్‌పేట మీదుగా సాగుతుంది. రెండింటినీ అవుటర్‌ రింగ్‌రోడ్డు కలుపుతుంది. రాత్రీపగలూ లారీలే. ఇలాంటి చోట ‘గుద్ది పారిపోయిన వాహనం’ వార్త చదివి గుండె ఝల్లుమనని ఇల్లుండదు.

నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే పాత చట్టంలో గరిష్ఠ శిక్ష రెండేళ్లే. మనిషి ప్రాణానికి రెండేళ్లా అని బాధిత కుటుంబాలు అడిగేవి. కొత్త చట్టం దాన్ని ఐదేళ్లు చేసింది. పోలీసులకు చెప్పకుండా పారిపోతే పదేళ్లంది. ఆ పదేళ్ల మాట వినగానే లారీ డ్రైవర్లు భగ్గుమన్నారు. 2024 జనవరి మొదటివారంలో సమ్మెకు దిగారు. హైదరాబాద్‌లో పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన జనం, పెట్రోలు దొరక్క గుర్రమెక్కి ఫుడ్‌ డెలివరీకి బయల్దేరిన కుర్రాడు... ఆ దృశ్యాలు ఇంకా గుర్తుండే ఉంటాయి. చివరికి ప్రభుత్వం ఆ ఒక్క నిబంధనను పక్కనపెట్టింది. మిగతా చట్టం అమల్లోకి వచ్చినప్పుడు అది రాలేదు.

ఇక్కడ రెండువైపులా న్యాయం ఉంది. ‘ఆగితే జనం కొట్టి చంపుతారు, అందుకే పారిపోతాం’ అన్నది డ్రైవర్ల మాట. ‘ఆగి ఆస్పత్రికి చేర్చుంటే మావాడు బతికేవాడు’ అన్నది కుటుంబాల మాట. రెండూ కలిపి చూస్తే ఓ సంగతి తెలుస్తుంది. జనం చేతికి అందితే చావుదెబ్బలు తప్పవన్న భయం నేరస్తుణ్ని పారిపోయేలా చేస్తోంది. పారిపోవడం గాయపడినవాడి ప్రాణం తీస్తోంది. అంటే మన ‘తక్షణ న్యాయం’ ఖరీదును చివరికి కట్టేది బాధితుడే!

పరిహారం సంగతి చూస్తే, గుద్దినవాడెవరో తెలియని కేసుల్లో మరణిస్తే 2 లక్షల రూపాయలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు ఇచ్చే పథకం 2022 ఏప్రిల్‌ నుంచి ఉంది. ప్రమాద బాధితులకు లక్షన్నర రూపాయల దాకా, ఏడు రోజుల వరకూ నగదు కట్టనక్కర్లేని వైద్యం 2025లో వచ్చింది. డ్రైవర్‌కు రెండేళ్లా, పదేళ్లా అన్న చర్చ వీధుల్లోకెక్కింది. వీటి గురించి ఎన్ని ఇళ్లలో తెలుసు?

పూలు చల్లిన చేతులు

2019 నవంబరు 27 రాత్రి. ఇదే అవుటర్‌ రింగ్‌రోడ్డు... మేడ్చల్‌కు అటు చివర, శంషాబాద్‌ దగ్గర. ‘దిశ’గా దేశం పిలుచుకున్న యువ పశువైద్యురాలిపై జరిగిన ఘోరం విని కన్నీరు పెట్టని తల్లి లేదు. డిసెంబరు 6 తెల్లవారుజామున నిందితులు నలుగురూ చటాన్‌పల్లి దగ్గర పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం అక్కడికి చేరి పోలీసులపై పూలు చల్లారు. అంతకు పదకొండేళ్ల ముందు, 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజినీరింగ్‌ విద్యార్థినులపై యాసిడ్‌ పోసిన కేసులోనూ ముగ్గురు నిందితులు అలాగే కాల్పుల్లో చనిపోయారు. అప్పుడూ జనం హర్షించారు.

ఆ పూల వెనక ఉన్నది క్రూరత్వం అనలేం. ‘కోర్టుకెళితే ఏళ్లు పడుతుంది’ అన్న నిస్పృహ అది. దిల్‌సుఖ్‌నగర్‌ జంట పేలుళ్లే తీసుకోండి. 2013 ఫిబ్రవరి 21న 18 మందిని బలిగొన్న ఆ కేసులో ప్రత్యేక కోర్టు 2016 డిసెంబరులో ఐదుగురికి ఉరిశిక్ష వేసింది. దాన్ని హైకోర్టు ఖరారు చేసేసరికి 2025 ఏప్రిల్‌ వచ్చింది. పన్నెండేళ్లు! అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లకు అది ఎంత కాలం!

అయితే చటాన్‌పల్లి కథ ఆ ఉదయంతో ముగియలేదు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్‌ సిర్పూర్కర్‌ కమిషన్‌ నివేదిక 2022 మే నెలలో బయటికొచ్చింది. నిందితులు ఆయుధాలు లాక్కుని కాల్పులు జరిపారన్న పోలీసుల వాదన నమ్మదగ్గది కాదని, చంపే ఉద్దేశంతోనే కాల్పులు జరిగాయని, పదిమంది పోలీసులపై హత్యానేరం కింద విచారణ జరగాలని కమిషన్‌ చెప్పింది. నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లేనంది. ఆ నలుగురే నేరం చేశారా, ఎవరి పాత్ర ఎంత అన్నది సాక్ష్యాలతో కోర్టులో తేలే అవకాశం ఆ ఉదయంతోనే పోయింది. అది దిశ కుటుంబానికి కూడా దక్కాల్సిన నిజం.

కోర్టులు త్వరగా పనిచేయలేవా? చేయగలవు. అదే 2019 జూన్‌లో తొమ్మిది నెలల పసిపాపపై ఘాతుకం జరిగిన కేసులో వరంగల్‌ కోర్టు రెండు నెలల లోపే, ఆగస్టులో తీర్పు చెప్పింది. ఉరిశిక్ష వేసింది. నవంబరులో హైకోర్టు దాన్ని చివరి శ్వాస దాకా జైలుగా మార్చింది. దర్యాప్తు, సాక్ష్యాలు, వాదనలు, అప్పీలు... అన్నీ ఐదు నెలల్లో! పోలీసులు, ప్రాసిక్యూషన్‌, కోర్టు పట్టుదలగా పనిచేస్తే తుపాకీ అక్కర్లేదని అదే ఏడాది, ఇదే రాష్ట్రం చూపించింది.

ఉరితాడు దగ్గర ఎవరున్నారు?

‘కంటికి కన్ను’ అంటే లెక్క సరిపోయినట్టే కనిపిస్తుంది. 1993 మార్చిలో చిలకలూరిపేట దగ్గర బస్సు దోపిడీకి వెళ్లిన ఇద్దరు యువకులు పెట్రోలు పోసి నిప్పంటించడంతో 23 మంది ప్రయాణికులు సజీవ దహనమయ్యారు. 1996లో సుప్రీంకోర్టు ఉరిశిక్షను ఖరారు చేసింది. 1997లో ఉరి తీయడానికి గంటల ముందు స్టే వచ్చింది. 1998లో రాష్ట్రపతి కె.ఆర్‌.నారాయణన్‌ యావజ్జీవంగా మార్చారు. వాళ్లు చంపాలని వెళ్లలేదు, దోచుకోవడానికి వెళ్లారన్నది పౌరహక్కుల సంఘాల వాదన. 23 ప్రాణాలు పోయాక ఉద్దేశంతో పనేమిటన్నది మరో వాదన. ఇన్నేళ్లయినా ఏ వాదనా ఓడిపోలేదు.

కానీ కొన్ని అంకెలు ఆలోచింపజేస్తాయి. దేశంలో ఉరిశిక్ష పడ్డ ఖైదీలపై 2016లో ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం పెద్ద అధ్యయనం వెలువరించింది. 385 మందిలో 373 మంది వివరాలు సేకరించారు. వారిలో నూటికి 74 మందికి పైగా పేదలే. 2000 నుంచి 2015 వరకూ కింది కోర్టుల్లో ఉరిశిక్ష పడినవాళ్లలో పైకోర్టులన్నీ దాటాక ఆ శిక్ష నిలిచింది నూటికి ఐదుగురికే. దాదాపు ముప్పై మంది ఏకంగా నిర్దోషులుగా బయటపడ్డారు! ఆ పరిశోధకుల బృందం ఇప్పుడు ‘స్క్వేర్‌ సర్కిల్‌ క్లినిక్‌’ పేరుతో మన శామీర్‌పేట నల్సార్‌లోనే పనిచేస్తోంది.

నిర్దోషికి శిక్షపడితే బాధితుడికి రెండుసార్లు అన్యాయం జరిగినట్టు. అసలు దోషి దొరకలేదు... దొరికాడన్న ఊరట కూడా ఉత్తదే. అందుకే ‘పట్టుబడితే దొంగ, లేకుంటే దొర’ అన్న సామెతలో పెద్ద శాస్త్రమే ఉంది. శిక్ష ఎంత కఠినమన్నదానికన్నా, శిక్ష తప్పదన్న నమ్మకమే నేరాన్ని ఆపుతుందని ఇటలీకి చెందిన బెకారియా 1764లోనే రాశాడు. దొర అనుకుని తిరిగేవాణ్ని పట్టుకోలేని వ్యవస్థ, దొరికిన దొంగకు ఎంత పెద్ద శిక్ష వేసి ఏం లాభం?

చర్లపల్లిలో గోడల్లేని జైలు

ఎన్టీఆర్‌ ‘మా దైవం’ (1976) చూశారా? కరుడుగట్టిన ఖైదీలను పొలం పనిలో పెట్టి మనుషులుగా మార్చే జైలు అధికారి కథ. శాంతారాం తీసిన హిందీ చిత్రం ‘దో ఆంఖే బారహ్‌ హాథ్‌’ (1957) దీనికి మూలం. సినిమా కథే అనుకోనక్కర్లేదు. హైదరాబాద్‌లో 1954లోనే మౌలాలిలో ఆరుబయలు జైలు మొదలైంది. దేశంలో తొలినాటి ఆరుబయలు జైళ్లలో అదొకటి. నేడు చర్లపల్లిలో ‘ఖైదీల వ్యవసాయ క్షేత్రం’ ఉంది. శిక్షాకాలంలో కొంత పూర్తిచేసి, మంచి నడవడికతో ఉన్నవాళ్లను ఎంపిక చేసి ఇక్కడికి పంపుతారు. పంట పండించడం, పశువుల్ని చూసుకోవడం వారి పని. చుట్టూ ఎత్తయిన గోడల్లేని చోట మనిషిని ఆపేది అతని మాటే.

తెలంగాణ జైళ్లలో తయారైన వస్తువులు ‘మై నేషన్‌’ పేరుతో అమ్ముడవుతాయి. జైళ్లశాఖ పెట్రోలు బంకుల్లో ఖైదీలు, విడుదలైనవారు పనిచేశారు. రాష్ట్రం ఏర్పడిన తొలి ఏళ్లలో మానసిక శాస్త్రవేత్త బీనా చింతలపూరి ఆధ్వర్యంలో చర్లపల్లిలో ‘ఉన్నతి’ కార్యక్రమం నడిచింది. కోపాన్ని, ఆలోచనను అదుపు చేసుకోవడం ఖైదీలకు నేర్పడం దాని లక్ష్యం.

‘మా వాణ్ని చంపినవాడికి పెట్రోలు బంకులో ఉద్యోగమా?’ అని బాధిత కుటుంబం అడిగితే? అడగడం న్యాయమే. దీనికి సుప్రీంకోర్టు 1998లో ఓ దారి చూపింది. ఖైదీల పనికి తగిన కూలి ఇవ్వాలి. ఆ కూలిలో కొంత బాధితుల కోసం పక్కకు తీసేలా రాష్ట్రాలు చట్టం చేసుకోవాలి. ఎంత చక్కని ఆలోచన! కొట్టి చంపితే ఒక్కరోజుతో తీరిపోయే బాకీ... ఏళ్ల తరబడి చెమటోడ్చి తీరుస్తుంటే చేసిన తప్పు ప్రతినెలా గుర్తుకొస్తుంది. ఎదుటి ఇంట్లో పిల్లాడి ఫీజుకూ అక్కరకొస్తుంది.

చిన్న తప్పుకు చెమట శిక్ష

కొత్త న్యాయ సంహిత తొలిసారిగా ‘సమాజ సేవ’ను శిక్షల జాబితాలో చేర్చింది. ఆరు రకాల చిన్న నేరాలకే అది వర్తిస్తుంది. ఐదువేల రూపాయల లోపు దొంగతనం మొదటిసారి చేసి, సొమ్ము తిరిగిచ్చేస్తే జైలుకు బదులు సమాజ సేవ. తాగి బహిరంగంగా అల్లరి చేసినా, పరువునష్టం కేసులోనూ అలా వేయవచ్చు. కూలి లేకుండా, నలుగురికీ ఉపయోగపడే పని చేయాలి.

ఇది చిన్నవాళ్లకేనా అనుకోకండి. 2022 మార్చిలో ఆంధ్రప్రదేశ్‌ హైకోర్టు కోర్టు ధిక్కారం కేసులో ఎనిమిది మంది ఐఏఎస్‌ అధికారులకు రెండు వారాల జైలు వేసింది. వాళ్లు క్షమాపణ చెప్పడంతో... ఏడాదిపాటు నెలకో రోజు సంక్షేమ హాస్టల్‌కెళ్లి పిల్లలతో గడపాలని, ఆ పూట భోజనం ఖర్చు భరించాలని మార్చింది. ఆ ఆదేశాలపై అప్పీళ్లు వెళ్లాయనుకోండి. అయినా ఆలోచన గమనించండి... బడి ఆవరణల్లో సచివాలయాలు కట్టారన్నది అక్కడి తప్పు, పిల్లలకు సేవ చేయడం శిక్ష. తప్పుకూ శిక్షకూ సంబంధం ఉంది.

న్యూజీలాండ్‌ 1989లో ఇంకో అడుగు వేసింది. మైనర్లు తప్పుచేస్తే రెండు కుటుంబాలనూ కూర్చోబెట్టి, నష్టపోయినవాళ్ల మాట విన్నాకే ఏం చేయాలో నిర్ణయించే పద్ధతి తెచ్చింది. అక్కడి మావోరీల సంప్రదాయమే దీనికి ప్రేరణ. మన రచ్చబండ గుర్తుకు రావడంలేదూ? కాకపోతే మన పెద్దల తీర్పుల్లో కులం బరువు, వెలివేతలూ ఉండేవి. నలుగురిలో కూర్చోబెట్టి మాట్లాడించడం వరకు తీసుకుని, వెలిని వదిలేస్తే మంచిదే.

బాధితులూ... ఇవి మీ హక్కులు!

కేసు పెట్టగానే బాధితుడు సాక్షిగా మాత్రమే మిగలక్కర్లేదు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో పోలీసులు తొంభై రోజుల్లో మీకు చెప్పాలి. సంఘటన ఏ స్టేషన్‌ పరిధిలో జరిగినా ‘జీరో ఎఫ్‌ఐఆర్‌’ నమోదు చేయించుకోవచ్చు. నిందితుణ్ని వదిలేసినా, తక్కువ నేరం కింద శిక్ష వేసినా, పరిహారం తక్కువిచ్చినా పైకోర్టుకు అప్పీలు చేసుకునే హక్కు 2009 చివరి నుంచి బాధితులకుంది. నేరస్తుడెవరో తెలియకపోయినా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా పరిహారం కోరవచ్చు. ఉచిత న్యాయ సహాయానికి 15100 నంబరు ఉంది. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్‌ చేయాలి. వీటిలో ఏదీ ఉరితాడంత సంచలనం కాదు. కానీ బాధితుడి చేయి పట్టుకునేవి ఇవే.

శిక్షా... దండుగా?

మన భాషలో ఓ తమాషా ఉంది. శిక్షకు దగ్గరి మాట శిక్షణ. దండన నుంచి వచ్చిన దండుగ అనే మాటకు మొదట జరిమానా అని అర్థం. వాడుకలో అది ‘ఎవరికీ ఉపయోగపడని ఖర్చు’గా మారిపోయింది. జరిమానా కట్టి కట్టి విసిగిపోయిన జనమే ఆ అర్థం ఇచ్చారేమో!

ఇకముందు ఏదైనా తీర్పు విన్నప్పుడు ‘ఎన్నేళ్లు పడింది?’ అని మాత్రమే అడగొద్దు. అసలు దోషేనని రుజువైందా? నష్టపోయినవారికి ఏం దక్కింది? వీడు బయటికొచ్చాక మరొకరి జోలికి వెళ్లకుండా ఏం చేశారు? మూడింటికీ జవాబుంటే అది శిక్ష. ఒక్కదానికీ లేకపోతే ఎన్నేళ్లు వేసినా దండుగే.